నదికి ఆవలివాడు: ఒక లాటిన్ విశేషణం వెనక ఉన్న పౌరసత్వ చరిత్ర

క్రీస్తు పూర్వం 51లో రోమ్ నగరంలో ఒక మనిషిని కొరడాతో కొట్టించారు. కొట్టించినవాడు ఆ ఏడాది కాన్సుల్‌గా ఉన్న మార్కుస్ క్లాడియుస్ మార్సెల్లుస్. కాన్సుల్ అంటే రోమన్ రిపబ్లిక్‌ను నడిపే అత్యున్నత పదవి. ఏటా ఇద్దరు ఎన్నికయ్యేవారు. దెబ్బలు తిన్న మనిషిది ఇటలీ ఉత్తరాన ఉన్న కోముమ్ అనే ఊరు. అతని పేరు మనకు మిగల్లేదు. కొట్టించినవాడి పేరు, వంశం, రాజకీయ వర్గం మాత్రం అన్నీ భద్రంగా మిగిలాయి.

ఆ దెబ్బలు ఏ నేరానికీ శిక్ష కాదు. రోమన్ పౌరుణ్ణి కొరడాతో కొట్టకూడదని అప్పటికే చట్టాలున్నాయి. కోముమ్‌లో తాను స్థిరపరిచిన వాళ్లు పౌరులేనని జూలియస్ సీజర్ అంటున్నాడు. సీజర్‌కు బద్ధవిరోధి అయిన మార్సెల్లుస్ ఆ పౌరసత్వం చెల్లదంటున్నాడు. ఇద్దరు పెద్దమనుషుల మధ్య తగాదా. దాన్ని తేల్చడానికి మార్సెల్లుస్ ఎంచుకున్నది మూడో మనిషి వీపు. నువ్వు రోమన్‌వి కావనడానికి ఈ వాతలే రుజువు, వెళ్లి సీజర్‌కు చూపించుకో అన్నాడని తర్వాతి కాలంలో ప్లూటార్క్ రాశాడు.

ఆ వేసవిలో సిసెరో ఏథెన్స్‌లో ఉన్నాడు. వార్త తెలిసి మిత్రుడు అట్టికుస్‌కు ఉత్తరం రాస్తూ, మార్సెల్లుస్ చేసింది సిగ్గుమాలిన పని అన్నాడు. ఎందుకు సిగ్గుమాలిన పనో ఆయన చెప్పిన కారణమే మమ్మల్ని ఈ వ్యాసం దాకా తీసుకొచ్చింది. ఆ మనిషి తన ఊళ్లో ఏ పదవీ చెయ్యనివాడే అనుకున్నా, అతను ‘ట్రాన్స్‌పదానుస్’ కదా అన్నది సిసెరో అభ్యంతరం. మనిషి కదా అనలేదు. నిర్దోషి కదా అని కూడా అనలేదు. ఒక నది పేరు నుంచి పుట్టిన విశేషణాన్ని ముందు పెట్టాడు. ఆ మనిషిని కొట్టవచ్చా, కూడదా అన్న ప్రశ్న ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

పౌరసత్వ చట్టాల చరిత్ర చదువుతున్నప్పుడు ఈ ఉత్తరం గురించిన ప్రస్తావన మాకు ఎదురైంది. అప్పటినుంచి ఆ మాట వెంట పడ్డాం. అది ఎక్కడో చచ్చిపోయిన భాషలో ఆగిపోయిన మాట కాదని, ఇవాళ మన పంజాబీ దళితులు పనిచేస్తున్న పశువుల కొట్టాల దాకా వచ్చిందని క్రమంగా అర్థమైంది.

ఏ ఒడ్డు ‘ఆవల’?

ఇటలీలో అన్నిటికంటే పొడవైన నది పో. మోన్విజో పర్వతం దగ్గర పుట్టి, 650 కిలోమీటర్లు తూర్పుకు ప్రవహించి ఆడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. లాటిన్‌లో దాని పేరు ‘పదుస్’. లాటిన్‌లో ఊరి పేరుకో నది పేరుకో ‘ఆనుస్’ అన్న ప్రత్యయం చేరిస్తే ‘అక్కడికి చెందిన’ అన్న విశేషణం వస్తుంది. రోమా నుంచి రోమానుస్. అలాగే పదుస్ నుంచి పదానుస్. ముందు ‘ట్రాన్స్’ చేరితే ‘ఆవల’ అని అర్థం. మొత్తం కలిపి ‘పదుస్ నదికి ఆవలివాడు’. స్త్రీ అయితే ట్రాన్స్‌పదానా, నలుగురైతే ట్రాన్స్‌పదానీ. ఆ ప్రాంతం కూడా ట్రాన్స్‌పదానానే.

వ్యాకరణం ఇంతే. రాజకీయం ఇక్కడే మొదలవుతుంది. నదికి రెండు ఒడ్లుంటాయి. ఏ ఒడ్డున నిలబడితే రెండోది ఆవలి ఒడ్డవుతుంది. వెరోనాలోనో మాంటువాలోనో పుట్టిన మనిషికి తన ఇల్లు ఆవల కాదు, రోమే ఆవల. అయినా రోమ్ దక్షిణాన కూర్చుని చూసింది కాబట్టి ఉత్తరపు ఒడ్డు శాశ్వతంగా ‘ఆవల’ అయిపోయింది. అసలు నది పేరు కూడా అందరిదీ ఒకటి కాదు. అక్కడి లిగూరియన్ జనం దాన్ని ‘బోదింకుస్’ అనేవారని, వాళ్ల భాషలో అడుగు అందనిది అని అర్థమని ప్లినీ నమోదు చేశాడు. ఆ పేరు పుస్తకంలో ఒక మూల మిగిలింది. చట్టాల్లోకి ఎక్కింది పదుస్.

ఈ సంగతి మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. మన పల్లెల్లో మాలవాడ, మాదిగవాడ రెవెన్యూ రికార్డుల్లో ఆ గ్రామంలో భాగమే. పంచాయతీ ఒకటే, పిన్‌కోడ్ ఒకటే. అయినా వాడలో ఉన్న పెద్దవ్వ కిరాణా కొట్టుకు బయల్దేరితే ‘ఊళ్లోకి పోయొస్తా’ అంటుంది. అంటే తానున్నది ఊరు కాదన్నమాట! ఎవరో ఊరి నడిమధ్యలో నిలబడి చూసిన చూపు ఆమె నోట్లో మాటగా స్థిరపడిపోయింది. వెలివాడ అన్న మాటలోని ‘వెలి’ కూడా అటువంటిదే. అది ఊరి నుంచి చూసిన దూరం. 2016లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టల్ నుంచి వెలివేయబడిన రోహిత్ వేముల, అతని సహచరులు తమ గుడారానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. ఇంకొకరు తగిలించిన పేరును, దాని అర్థం దాచకుండానే, తామే తగిలించుకున్న సందర్భమది.

1948లో వచ్చిన అంటరానివారి మూలాల గ్రంథంలో అంబేడ్కర్ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి ఇదే. అంటరానివారు ఊరి బయట ఎందుకు ఉంటారు? అంటరానితనం వల్ల బయటికి నెట్టబడ్డారా, మొదటినుంచీ బయటే ఉన్నారా? ఇటువంటి వాళ్లు మరెక్కడైనా ఉన్నారా అని ఆయన ఐర్లండ్, వేల్స్ ప్రాచీన చట్టాల దాకా వెళ్లి వెతికారు. అక్కడ కూడా ఊరి అంచున బతికిన పరాయి జనం ఉన్నారని, కాలక్రమంలో వాళ్లు ఊరిలో కలిసిపోయారని, మన దగ్గర మాత్రం కలవలేదని ఆయన చూపించారు. ట్రాన్స్‌పదానీల కథను ఈ ప్రశ్న పక్కన పెట్టి చదవడమే సరైన పద్ధతి అని మేము అనుకుంటున్నాం. పోలికలు తీయడానికి మాత్రమే కాదు, తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి కూడా.

నలభై ఏళ్ల ఎదురుచూపు

రోమ్ ఇటలీని ఒక్కసారిగా మింగలేదు. ఒక్కో ఊరితో ఒక్కో ఒప్పందం చేసుకుంది. చాలా ఊళ్లు రోమ్ యుద్ధాలకు సైనికుల్ని పంపాలి, కానీ రోమ్ పౌరులు కారు. ఈ అన్యాయం మీద క్రీస్తు పూర్వం 91లో ఇటలీ మిత్రరాజ్యాలు తిరగబడ్డాయి. రక్తపాతం తర్వాత రోమ్ దిగివచ్చి పౌరసత్వం ఇచ్చింది. అయితే ఆ పౌరసత్వం ఉత్తరాన స్థూలంగా పో నది దాకా వచ్చి ఆగిపోయింది. నదికి ఆవల ఉన్న వాళ్లకోసం క్రీస్తు పూర్వం 89లో పాంపేయుస్ స్ట్రాబో అనే కాన్సుల్ వేరే చట్టం చేశాడు.

ఆ చట్టం ట్రాన్స్‌పదానీ ఊళ్లకు ఇచ్చింది పౌరసత్వం కాదు, ‘లాటిన్ హక్కు’. అంటే సగం మెట్టు. ఊళ్లో పదవికి ఎన్నికై ఆ పదవి నిర్వహించినవాడు రోమన్ పౌరుడవుతాడు. మిగిలిన ఊరంతా ఎప్పటిలాగే ఉంటుంది. ఈ ఏర్పాటు చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది, అంతలోనే కోపమూ వచ్చింది. ఊళ్లో పలుకుబడి ఉన్న కుటుంబాలను ఏటా కొన్నిటిని పైకి లాక్కోవడం, మాట్లాడగలిగిన నోళ్లకు తలుపు తీయడం, మిగిలిన వాళ్లను గుమ్మం బయట నిలబెట్టి ‘మీకూ దారి ఉంది కదా’ అనడం. ఈ పద్ధతి ఎవరికీ కొత్త కాదు.

సిసెరో ఉత్తరంలో ఆ మనిషి పదవి చేశాడా లేదా అన్న ప్రస్తావన ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. పదవి చేసి ఉంటే లాటిన్ హక్కు ప్రకారమే అతను పౌరుడు. అప్పుడు కొరడా పూర్తిగా చట్టవిరుద్ధం. అతను ఊరి సభలో సభ్యుడని ప్లూటార్క్ అంటాడు, పదవి చేసినవాడే అని అప్పియన్ అంటాడు. ఏది నిజమైనా, వీపు మీద కొరడా పడవచ్చో లేదో తేలడానికి ఒక మనిషి ఉద్యోగ చరిత్ర చూడాల్సిన వ్యవస్థ అది.

మధ్యలో ప్రయత్నాలు జరగకపోలేదు. క్రీస్తు పూర్వం 65లో జనాభా లెక్కల అధికారిగా ఉన్న క్రాసుస్ ట్రాన్స్‌పదానీలను పౌరుల పట్టికలో చేర్చాలన్నాడు. అతని సహాధికారి కాటులుస్ కుదరదన్నాడు. ఇద్దరూ పని పూర్తి చేయకుండానే రాజీనామా చేశారు. క్రాసుస్‌కు ఆ జనం మీద ప్రేమ అని మేము అనుకోవడం లేదు. కొత్త పౌరులంటే కొత్త ఓట్లు, ఇప్పించినవాడికి రుణపడి ఉండే ఓట్లు. ఆ తర్వాత సీజర్ కూడా అదే లెక్క వేశాడు. గాల్ యుద్ధాలకు తన దళాలను ఎక్కువగా ఈ ఉత్తర మైదానం నుంచే చేర్చుకున్నాడు. ప్రాణం పెట్టడానికి పనికొచ్చిన వాళ్లు పట్టికలో పేరుకు పనికిరాలేదు.

చివరికి పౌరసత్వం క్రీస్తు పూర్వం 49లో వచ్చింది. కొరడా దెబ్బలు పడిన రెండేళ్లకు. సీజర్ సైన్యంతో రోమ్ మీదికి వచ్చి అధికారం చేజిక్కించుకున్న ఏడాది అది. న్యాయం గెలిచింది అనడం కంటే అంతర్యుద్ధంలో ఒక పక్షానికి వాళ్ల అవసరం పడింది అనడం నిజానికి దగ్గర. 89 నుంచి 49 దాకా సరిగ్గా 40 ఏళ్లు. క్రీస్తు పూర్వం 42లో ఆ ప్రాంతాన్ని ఇటలీలోనే కలిపేశారు. ఆ తర్వాత అగస్టస్ ఇటలీని 11 ప్రాంతాలుగా విభజించినప్పుడు పదకొండోదానికి ‘ట్రాన్స్‌పదానా’ అనే పేరు పెట్టాడు. అప్పటికి అది హక్కు లేనితనాన్ని చెప్పే మాట కాదు. ఒట్టి చిరునామా.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 49లో పౌరులైంది స్వేచ్ఛగా ఉన్న మగవాళ్లు, ఆడవాళ్లు. ఆడవాళ్లకు ఓటు లేదు. అదే పొలాల్లో, అవే ఇళ్లల్లో పనిచేసిన బానిసలకు ఏ చట్టమూ రాలేదు. నదికి ఈవల అయినా ఆవల అయినా వాళ్ల వీపుకు రక్షణ లేదు. ట్రాన్స్‌పదానీల విజయగాథ అని రాసేవాళ్లు ఈ సంగతిని తరచుగా మరచిపోతారు.

ఆ జనం ఆ మాటతో ఏం చేశారన్నది కూడా చూడాలి. వెరోనా నుంచి రోమ్‌కు వచ్చిన కవి కాటులుస్ (పైన చెప్పిన అధికారి వేరు, ఈయన వేరు) ఒక వెక్కిరింపు కవితలో రకరకాల ఊళ్ల జనాన్ని వరుసగా పేర్కొంటూ, ఆ వరుసలో తన వాళ్లనూ ట్రాన్స్‌పదానుస్ అనే పిలిచి చేర్చాడు. పౌరసత్వం ఇంకా రాని కాలం అది. తన వాళ్ల పేరు చెప్పుకోవడానికి ఆయన దాచుకోలేదు, క్షమాపణా చెప్పలేదు. వర్జిల్ మాంటువా దగ్గర పుట్టాడు. రోమ్ చరిత్రను రోమ్ కంటే బాగా రాసిన లివీ పదానా మైదానంలోని పటావియుమ్ వాడు. మూడు పేర్లూ నదికి ఆవలివే. ఇవాళ లాటిన్ సాహిత్యం అంటే ముందు చెప్పే పేర్లలో ఇవి ఉంటాయి. అయినా లివీ భాషలో ‘పటావియుమ్ వాసన’ ఉందని అసీనియుస్ పోలియో ఎత్తిపొడిచాడని క్వింటిలియన్ రాశాడు. ఏ మాట, ఏ యాస అతనికి తప్పుగా తోచిందో ఎవరూ వివరంగా చెప్పలేదు. పౌరసత్వం వచ్చాక కూడా ఉచ్చారణ దగ్గర పట్టుకునే అలవాటు పోలేదన్నమాట. సెమినార్‌లో మన యాస విని పెదవి విరిచిన వాళ్లను చూసిన విద్యార్థులకు దీని మీద వ్యాఖ్య అక్కర్లేదు.

తేడా ఎక్కడ

కొరడా సంగతి మళ్లీ చూద్దాం. మార్సెల్లుస్ ఆ మనిషికి నొప్పి కలిగించడం కోసం మాత్రమే కొట్టించలేదు. నువ్వెవరివో నీ ఒంటి మీద రాసి పంపిస్తున్నాను అని చెప్పడానికి కొట్టించాడు. దళితులపై దాడుల నివేదికలు చదివేవాళ్లకు ఈ తర్కం బాగా తెలుసు. 1996 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం చేశారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. నిందితులకు 18 నెలల జైలు శిక్ష పడింది. ఇరవై ఏడేళ్లు! అక్కడ కూడా గాయం కంటే గుర్తు ముఖ్యం. ఊరంతా చూడాలి, చూసి వాడి చోటు ఏదో వాడికి, వాడి వాళ్లకు గుర్తుండాలి.

అయితే తేడా పెద్దది. వెంకటాయపాలెం యువకులు పౌరులు. రాజ్యాంగం 1950 నుంచి వాళ్లను సమాన పౌరులన్నది, 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది, 1989లో అత్యాచార నిరోధక చట్టం వచ్చింది. ట్రాన్స్‌పదానుస్ అన్న మాట లోపలి విషాన్ని ఒక్క చట్టం తీసేయగలిగింది. ఎందుకంటే ఆ మాట రోమ్ ప్రభుత్వం తయారుచేసింది, ప్రభుత్వమే మార్చగలదు. మన దగ్గర ‘వెలి’ అన్నది ప్రభుత్వం కంటే పాతది, మతం ఆమోదించినది. రోమ్ బానిసత్వాన్నీ మన అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి అంబేడ్కర్ రాసినప్పుడు ఈ తేడానే పట్టుకున్నారు. చట్టం ఇచ్చిన స్థితిని చట్టం తీసేస్తుంది. నమ్మకం ఇచ్చిన స్థితిని చట్టం ఒక్కటే తీసేయలేదు. కుల నిర్మూలన ప్రసంగంలో కూడా ఆయన రోమ్ ప్లెబియన్ల ఉదాహరణ తెచ్చింది, మత విశ్వాసం రాజకీయ హక్కును ఎలా చేతకానిదిగా చేస్తుందో చూపించడానికే.

నది పేరుతో జెండా, నది పేరుతో చీజ్

మధ్య యుగాలను దాటేద్దాం. 1796లో నెపోలియన్ సైన్యం ఉత్తర ఇటలీలోకి వచ్చాక పో నదికి దక్షిణాన ‘చిస్పదానా’ రిపబ్లిక్, ఉత్తరాన ‘ట్రాన్స్‌పదానా’ రిపబ్లిక్ వెలిశాయి. ‘చిస్’ అంటే ఈవల. రెండూ ఏడాది తిరక్కుండానే వేరే రిపబ్లిక్‌లో కలిసిపోయాయి. చిస్పదానా ప్రతినిధులు 1797 జనవరి 7న రెజ్జో ఎమీలియా పట్టణంలో ఆమోదించిన ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు జెండాయే ఇవాళ్టి ఇటలీ జెండాకు మూలం. ఆ పట్టణం పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1996కు వద్దాం. ఉంబెర్తో బోస్సీ నాయకత్వంలోని లేగా నోర్ద్ పార్టీ ఉత్తర ఇటలీకి ‘పదానియా’ అని పేరు పెట్టి, అది వేరే దేశం కావాలన్నది. ఆ ఏడాది సెప్టెంబరులో బోస్సీ మోన్విజో దగ్గర పో నది పుట్టినచోట ఒక గాజు సీసాలో నీళ్లు పట్టాడు. ఆ నీళ్లను నది వెంబడి వెనిస్ దాకా ఊరేగింపుగా తెచ్చి, 15వ తేదీన పదానియా స్వాతంత్ర్యం ప్రకటించాడు. చట్టపరంగా దానికి విలువ లేదు, కానీ వేలమంది వచ్చారు. రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో చేర్చుకోండని అడిగిన జనం పేరు, ఇప్పుడు రోమ్ దొంగ మాకొద్దు అనేవాళ్ల జెండా అయింది. ఎత్తిపొడుపు మొదట దక్షిణ ఇటలీ పేదల మీద, తర్వాత వలస వచ్చినవాళ్ల మీద. నది ఎవరి వైపూ మాట్లాడదు; సీసాలో పట్టినవాడి వైపు మాట్లాడిస్తారు.

నది ఒడ్డు నేల పేరు ఎవరి సొంతం అన్న ప్రశ్నకు మనం 2022 మే 24న అమలాపురంలో ఒక జవాబు చూశాం. గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమ పేరుకు ముందు అంబేడ్కర్ పేరు చేరుస్తామన్నందుకు మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పుపెట్టారు. పాత పేరు తీసేయలేదు. కోనసీమ కోనసీమగానే ఉంది. దాని ముందు ఒక పేరు చేరడమే సహించలేకపోయారు. ఆ తర్వాత జిల్లాకు ఆ పేరు ఖరారైంది, ఇవాళ్టికీ అదే పేరు.

బోస్సీ నీళ్లు పట్టిన అదే 1996లో, మూడు నెలల ముందు, ఐరోపా సమాఖ్య ‘గ్రానా పదానో’ అనే చీజ్‌కు ప్రాంతీయ గుర్తింపు రక్షణ ఇచ్చింది. (చీజ్‌ను జున్ను అని అనువదించే అలవాటు ఉంది. జున్నంటే మనకు ఈనిన గేదె పాలతో చేసేది. అందుకే చీజ్ అనే రాస్తున్నాం.) పదానో అంటే పో మైదానపు అని, అదే పాత విశేషణం. 1955లోనే ఇటలీ ప్రభుత్వం ఆ పేరును చట్టబద్ధం చేసింది. పో మైదానంలోని నిర్ణీత జిల్లాల పాలతో, అక్కడే తయారుచేసి, కనీసం తొమ్మిది నెలలు ఊరబెట్టినదానికే ఆ ముద్ర వేస్తారు. ఒక్కో చక్రం 24 నుంచి 40 కిలోల బరువు. ఏటా 50 లక్షలకు పైగా చక్రాలు తయారవుతాయి. ఇంకెవరైనా ఆ పేరు వాడితే కోర్టుకు ఈడుస్తారు. ఆవు ఏ మేత తినాలో, ఆ మేత ఎక్కడిదై ఉండాలో కూడా నిబంధనల్లో రాసి ఉంది.

ఆ ఆవుల పాలు పితికేది ఎవరు? 1980ల చివరి నుంచి స్థానిక యువకులు ఆ పని వదిలేస్తూ వచ్చారు. తెల్లవారకముందే ఒకసారి, మధ్యాహ్నం మళ్లీ ఒకసారి, ఏడాదిలో ఒక్క రోజు కూడా ఆగని పని. ఆ ఖాళీలోకి పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు చేరారు. క్రెమోనా, బ్రెషా, మాంటువా, రెజ్జో ఎమీలియా చుట్టూ ఉన్న కొట్టాల్లో పనివాళ్లు పెద్ద సంఖ్యలో పంజాబీలు. రెజ్జో ఎమీలియా జిల్లా నోవెల్లారాలో 2000లో పెద్ద గురుద్వారా తెరిచారు. క్రెమోనా జిల్లా పెస్సీనా క్రెమోనేజెలో 2011లో మరొకటి తెరిచినప్పుడు లేగా నోర్ద్ వ్యతిరేకించింది.

ఇటాలియన్ పత్రికలు ఈ జనాన్ని ఒకే ముద్దగా ‘సిక్కులు’ అంటాయి. పంజాబ్ జనాభాలో దాదాపు మూడో వంతు దళితులు, దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ నిష్పత్తి. వాళ్లూ వలస వచ్చారు. గురుద్వారా కమిటీల్లో జాట్ భూస్వామ్య కుటుంబాల పెత్తనం కూడా వాళ్లతోపాటే వచ్చింది. అందుకే పో మైదానంలో రవిదాసియాలు తమ సొంత మందిరాలు కట్టుకున్నారు. 2009 మే నెలలో వియన్నాలో రవిదాసియా మందిరంపై దాడి జరిగి సంత్ రామానంద్ చనిపోయాక, 2010 జనవరిలో రవిదాసియా మతాన్ని విడిగా ప్రకటించాక, ఈ విడి అస్తిత్వం ఇంకా గట్టిపడింది. కొట్టం యజమానికి ఇద్దరూ ‘ఇండియానో’లే. ఆదివారం ఎవరు ఏ మందిరానికి వెళ్తారో అతనికి తెలియదు. అలా ఒకే మనిషి మీద రెండు ‘ఆవల’లు పడ్డాయి. ఒకటి ఊరి నుంచి మోసుకొచ్చినది, ఇంకొకటి ఇక్కడి చట్టం తగిలించినది.

ఆ చట్టం 1992 నాటిది. ఐరోపా సమాఖ్య దేశాల వాళ్లు నాలుగేళ్లు ఉంటే ఇటలీ పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. మనలాంటివాళ్లు పదేళ్లు చట్టబద్ధంగా ఉండాలి. దరఖాస్తు పెట్టాక తేలడానికి పట్టే కాలం వేరు. విదేశీ తల్లిదండ్రులకు ఇటలీలోనే పుట్టిన పిల్లలు కూడా పుట్టుకతో పౌరులు కారు. 18 ఏళ్లు నిండేదాకా విరామం లేకుండా అక్కడే ఉంటే, అప్పుడు అడగవచ్చు. క్రెమోనా ఆసుపత్రిలో పుట్టి, క్రెమోనా బడిలో చదివి, క్రెమోనా యాసలో మాట్లాడే అమ్మాయి 18 ఏళ్ల దాకా కాగితం మీద పరాయిదే. ఆమె తండ్రి పితికిన పాలు తొమ్మిది నెలలు ఊరితే చాలు, పదానో అవుతాయి.

2025 జూన్ 8, 9 తేదీల్లో ఇటలీలో రెఫరెండం జరిగింది. పదేళ్ల నిబంధనను అయిదేళ్లకు తగ్గించాలా అన్నది అందులో ఒక ప్రశ్న. ఓటు వేసిన వాళ్లలో ఎక్కువమంది తగ్గించాలన్నారు. కానీ ఓటర్లలో సగానికి పైగా పాల్గొంటేనే ఫలితం చెల్లుతుంది. పాల్గొన్నది దాదాపు 30 శాతం. పెద్ద పార్టీలు కొన్ని ఓటుకు వెళ్లొద్దనే ప్రచారం చేశాయి. క్రీస్తు పూర్వం 65లో ఇద్దరు అధికారులు రాజీనామా చేసి ట్రాన్స్‌పదానీల పట్టికను పక్కన పడేసినట్టు, ఇక్కడ ఇంట్లో కూర్చుని పక్కన పడేశారు. ఆ ప్రశ్న ఎవరి గురించో వాళ్లకు ఆ రెండు రోజులు ఓటు లేదు. ఆదివారం, సోమవారం కూడా పో మైదానంలో ఎప్పటిలాగే తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పాలు పితికారు.